నాలుగో ఎత్తుకే గుర్రం

తెల్లపావుల మనిషి రాజు ముందున్న బంటును రెండు గళ్ళు తోస్తాడు. నల్లపావుల మనిషీ అంతే చేస్తాడు. తెల్ల గుర్రం బయటికి దూకి నల్లబంటు మీద కన్నేస్తుంది. నల్లవాడు దాన్ని కాపాడుకునే పని పెట్టుకోడు. తన గుర్రాన్నీ దూకించి తెల్లబంటు మీద కన్నేస్తాడు. నువ్వు మా దొడ్లో చెయ్యి పెడితే నేను మీ దొడ్లో పెడతాను అన్నట్టు. దీన్ని పెత్రోవ్ డిఫెన్స్ అంటారు. పంతొమ్మిదో శతాబ్దపు రష్యన్ ఆటగాడు అలెగ్జాండర్ పెత్రోవ్ పేరు మీద స్థిరపడ్డ ఆరంభమిది. నెమ్మదస్తుల ఆరంభమనీ, డ్రా కోరుకునేవాళ్ళ ఆరంభమనీ దీనికి పేరు.

మూడో ఎత్తుకు తెల్ల గుర్రం ఆ బంటును కొట్టేస్తుంది. నల్లవాడు మంత్రి ముందున్న బంటును ఒక్క గడి తోసి, వచ్చిన దారినే పొమ్మంటాడు. గుర్రం వెనక్కి వెళుతుంది. పుస్తకాలు చెప్పేది ఇదే, పెద్ద ఆటగాళ్ళు చేసేదీ ఇదే.

అప్పుడప్పుడూ ఎవరో ఒకరు మాత్రం ఆ గుర్రాన్ని వెనక్కి పిలవరు. ఎదుటివాడి గోడ మీదికి ఉరికిస్తారు. నల్లరాజుకు ఐమూలగా, చెయ్యి చాపితే అందే దూరంలో ఒక బంటు ఉంటుంది. గళ్ళ లెక్కలో అది ఎఫ్7. గుర్రం ఆ బంటును కొట్టి అక్కడే కూర్చుంటుంది. అక్కణ్ణుంచి ఒకవైపు మంత్రిని, మరోవైపు మూలనున్న ఏనుగును బెదిరిస్తుంది. దాన్ని కొట్టగలిగిన పావు రాజు ఒక్కడే. నల్లవాడు తన రాజును రెండు వేళ్ళతో ఎత్తి, ఇంట్లోంచి వీధిలోకి తెచ్చి నిలబెట్టాల్సి వస్తుంది. ఆట మొదలై అప్పటికి నాలుగు ఎత్తులే.

లెక్క చూస్తే తెల్లవాడిది నష్టం బేరం. గుర్రం విలువ మూడు బంట్లని చదరంగం నేర్చుకునే మొదటి వారంలోనే చెబుతారు. ఇక్కడ గుర్రం పోయింది, వచ్చినవి రెండు బంట్లు. ఒక బంటు అప్పు మిగిలింది. ఆ అప్పుకు బదులుగా వచ్చినదాన్ని బల్ల పక్కన పెట్టి లెక్కపెట్టలేం. నల్లరాజు ఇక ఏనుగు చాటుకు చేరి కోట కట్టుకోలేడు. భద్రమైన మూల చేరాలంటే బంటును జరిపి దారి చేసుకుని, ఒక్కో గడీ నడుచుకుంటూ పోవాలి. తెల్లవాడి ఇ, ఎఫ్ వరుసల బంట్లకు ఎదురుగా ఆ వరుసల్లో నల్లబంట్లే లేవు. రెండూ జతకట్టి, దున్నని చేలో నాగలిలా ముందుకు పోవచ్చు. ఆ జత కదిలేలోపు నల్లవాడు సర్దుకుంటే మాత్రం, ఒక గుర్రం ఎక్కువున్న మనిషి గెలవడం పెద్ద విశేషం కాదు.

ఇవాళ ఫోన్లో ఉండే ఏ చదరంగం ప్రోగ్రామును అడిగినా నల్లవాడిదే పైచేయి అని క్షణాల్లో చెబుతుంది. ఆ తీర్పు నిజం. ఈ ఎత్తును ఇష్టపడేవాళ్ళు ముందుగా ఆ మాట ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా దీని గురించి ఎంత మాట్లాడినా అది ఆట మీద ప్రేమ అనిపించుకోదు.

అయినా ఈ ఎత్తు చావలేదు. 1999లో స్పెయిన్‌లోని లినారెస్ టోర్నమెంటులో బల్గేరియా ఆటగాడు వెసెలిన్ టోపలోవ్ దీన్ని వ్లాదిమిర్ క్రామ్నిక్ మీద వేశాడు. ఎదుట ఉన్నది ఎవరో కాదు, పెత్రోవ్ డిఫెన్స్ లోతుపాతులన్నీ ఎరిగినవాడు, మరుసటి ఏడాదే కాస్పరోవ్‌ను ఓడించి ప్రపంచ కిరీటం అందుకోబోతున్నవాడు. అలాంటి మనిషి ముందు నాలుగో ఎత్తుకే గుర్రాన్ని ఇచ్చేశాడు టోపలోవ్. ఆట డ్రా అయింది. తప్పు అని అందరికీ తెలిసిన ఎత్తు, తప్పు అని అందరికన్నా బాగా తెలిసిన మనిషి ముందు నిలబడి బతికింది.

దీని పేరు కాక్రేన్ గాంబిట్. దీని కథ లండన్‌లోనో పారిస్‌లోనో కాదు, కలకత్తాలో మొదలవుతుంది.

జాన్ కాక్రేన్ స్కాట్లండ్ మనిషి, బారిస్టరు. 1821లో ఫ్రాన్స్ వెళ్ళి ఆనాటి మేటి ఆటగాళ్ళు డెషపెల్, లా బూర్దొనేలతో తలపడ్డాడు. మరుసటి ఏడాది చదరంగం మీద ఒక పుస్తకం అచ్చు వేయించాడు. తర్వాత న్యాయవాద వృత్తి మీద కలకత్తా వచ్చి దశాబ్దాల పాటు ఇక్కడే ఉండిపోయాడు. 1840ల మొదట్లో సెలవు మీద లండన్ వెళ్ళినప్పుడు, ఇంగ్లండులో అందరికన్నా పెద్ద ఆటగాడైన హోవర్డ్ స్టాంటన్‌తో వందలకొద్దీ ఆటలు ఆడాడు. ఎక్కువ ఓడిపోయాడు. దూకుడు మానలేదు. సెలవు ముగిశాక తిరిగి కలకత్తా వచ్చాడు.

అక్కడ ఆయనకు సరిజోడు ఒక బెంగాలీ బ్రాహ్మణుడు, మహేశ్‌చంద్ర బెనర్జీ. ఇంగ్లీషు పత్రికల్లో ఆయన పేరు ఒక్కోచోట ఒక్కోలా పడింది, ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా. పల్లెపట్టున ఆయన్ను ఓడించిన వాడు లేడని విని, కలకత్తా చదరంగం క్లబ్బు సభ్యుడొకరు నగరానికి రప్పించారని ఆనాటి లండన్ పత్రికకు అందిన ఒక ఉత్తరం చెబుతుంది. ఆయన నేర్చింది దేశీ ఆట. అందులో బంటు మొదటి ఎత్తుకైనా ఒక్క గడే కదులుతుంది. యూరపు పద్ధతిలో రెండు గళ్ళు దూకే వీలుంది. మహేశ్‌చంద్ర కొత్త పద్ధతి నేర్చుకున్నాక కూడా చేతి అలవాటు పూర్తిగా పోలేదు. బంట్లను ఒక్కో గడి జరిపి, శకటును రాజు పక్కన మూలవాటుగా పెట్టి, ఎదుటివాడిని నడిబల్ల మీదికి రానిచ్చి, అప్పుడు దెబ్బ తీసేవాడు. మన ఇళ్ళలో ఐమూలగా నడిచే పావును శకటు అంటాం, మూలనుండి తిన్నగా నడిచేది ఏనుగు, ఇంగ్లీషువాళ్ళ రాణి మనకు మంత్రి. ఆ మాటల వెనక ఉన్న పాత ఆట మహేశ్‌చంద్ర వేళ్ళలో ఉండేది.

1848 నాటి ఒక ఆటలో కాక్రేన్ ఆయన మీదే ఈ గుర్రాన్ని బలిపెట్టాడు. వడివడిగా దూకే స్కాట్లండ్ వకీలు ఒకవైపు, ఒక్కో గడీ అడుగేసే బెంగాలీ బ్రాహ్మణుడు మరోవైపు. ఆ బల్ల దగ్గర కూర్చుని చూడగలిగితే ఎంత బావుండేదో! మధ్యలో ఉన్నది అరవై నాలుగు గళ్ళే అయినా, అక్కడ కలుసుకున్నవి రెండు ఖండాల అలవాట్లు.

గాంబిట్ అన్న మాట పుట్టింది ఇటాలియన్‌లో. గాంబ అంటే కాలు. కుస్తీలో కాలు అడ్డం పెట్టి పడేసే పట్టుకు సంబంధించిన మాటను స్పెయిన్ మతగురువు రుయ్ లోపెజ్ 1561లో తన చదరంగం పుస్తకంలో వాడాడు. పేరులోనే గుట్టంతా ఉంది. కాలు అడ్డం పెట్టేవాడు ఆ క్షణం ఒంటికాలి మీద నిలబడతాడు. ఎదుటివాడు తూలకపోతే తనే పడతాడు. మన కుస్తీ గోదాలో ఏ వస్తాదును అడిగినా ఈ సంగతి చెబుతాడు.

పంతొమ్మిదో శతాబ్దం నడిమిదాకా చదరంగమంటే ఇంచుమించు ఇదే. ఇచ్చినదాన్ని పుచ్చుకోకపోవడం పిరికితనం కింద లెక్క. 1851 జూన్ 21న లండన్‌లో అడాల్ఫ్ అండర్సన్, లియోనెల్ కీసెరిట్స్కీ సరదాగా ఆడిన ఆట ఆ కాలపు పతాక. అండర్సన్ కింగ్స్ గాంబిట్ అనే ఆరంభంతో మొదలుపెట్టాడు. ఒక శకటునిచ్చాడు. రెండు ఏనుగులనూ ఇచ్చాడు. చివరికి మంత్రినీ ఇచ్చాడు. ఇరవై మూడో ఎత్తుకు ఆటకట్టు. మిగిలిన శకటూ, రెండు గుర్రాలే ఆ పని చేశాయి. మంత్రిని కొట్టేనాటికి నల్లవాడు కోల్పోయింది మూడు బంట్లే. ఓడిన కీసెరిట్స్కీ ఆ ఆటను దాచుకోలేదు, పారిస్‌లో తాను నడిపే పత్రికలో తనే అచ్చువేశాడు. ఓటమిని కూడా అందంగా ఉందని నలుగురికీ చూపించిన ఆ మనసు, గెలిచినవాడి ధైర్యానికి ఏమీ తీసిపోదు. ఆ ఆటను ఇప్పటి కంప్యూటర్లతో గాలిస్తే ఇరువైపులా తప్పులు కనిపిస్తాయి. నూట డెబ్బై ఏళ్ళుగా ప్రపంచం దాన్ని అమర క్రీడ అని పిలుస్తూనే ఉంది.

తర్వాత విల్‌హెల్మ్ స్టైనిట్జ్ వచ్చాడు. 1886లో మొదటి అధికారిక ప్రపంచ విజేత అయినవాడు. దాడికి ఒక హేతువుండాలనీ, ఊరికే ఇచ్చిన బంటును పుచ్చుకుని ఓపిగ్గా కాచుకుంటే ఇచ్చినవాడే నష్టపోతాడనీ చూపించాడు. గాంబిట్ల యుగాన్ని ముగించింది ఆయనే అని చదరంగం చరిత్ర చెబుతుంది. ఆ స్టైనిట్జే 1867లో డండీలో ఒక కొత్త గాంబిట్ ఆడాడు. అందులో ఐదో ఎత్తుకు తన రాజునే, పావులన్నీ బల్ల నిండా ఉండగా, ఒక అడుగు ముందుకు నడిపిస్తాడు. నల్ల మంత్రి చెక్ చెప్పి మీదికొస్తే, రాజు తలుపు తీసి ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. రాజు కూడా పోరాడే పావేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని గుమ్మం లోపల కూర్చుని చెప్పలేదు, రాజును వీధిలోకి నడిపించి చెప్పాడు. ఆ గాంబిట్‌కు ఈనాటికీ ఆయన పేరే.

బాబీ ఫిషర్ సంగతి మరింత దగ్గరది. 1960లో అర్జెంటీనాలోని మార్ డెల్ ప్లాటాలో బోరిస్ స్పాస్కీ ఆయన మీద కింగ్స్ గాంబిట్ వేసి గెలిచాడు. అదీ సరిగ్గా కీసెరిట్స్కీ పేరు మోస్తున్న మార్గంలో. ఫిషర్‌కు అప్పటికి పదిహేడేళ్ళు. ఆ దెబ్బ మరిచిపోలేదు. మరుసటి ఏడాది ఒక అమెరికన్ పత్రికలో కింగ్స్ గాంబిట్‌ను చీల్చి చెండాడుతూ వ్యాసం రాశాడు. మూడో ఎత్తుకు నల్లవాడు ఒక చిన్న బంటును ఒక్క గడి జరిపితే చాలు, ఆ గాంబిట్ పని అయిపోయినట్టే అన్నాడు. చదరంగం లోకం చాలాకాలం ఆ వ్యాసాన్ని తీర్పుగానే తీసుకుంది. 1963లో అమెరికా ఛాంపియన్‌షిప్‌లో లారీ ఎవన్స్ మీద తెల్లపావులతో కూర్చున్న ఫిషర్ కింగ్స్ గాంబిట్ ఆడాడు. గెలిచాడు. ఆ తర్వాత కూడా ఆడాడు. ఇందులో మాట తప్పడం ఏమీ లేదు. కాగితం మీద ఏది నిజమో రాయడం ఒక పని. ఎదురుగా కూర్చున్న మనిషి ఆ నిజాన్ని తన గడియారం తిరుగుతుండగా వెతుక్కోవాలి, అది వేరే పని. ఫిషర్‌కు రెండూ తెలుసు.

ఈ తేడా దగ్గరే గాంబిట్ ప్రాణం ఉంది. దీన్ని కాస్త నిదానంగా చూడాలి.

గుర్రాన్ని తీసుకున్న నల్లవాడిని తలుచుకోండి. ఆదివారం టోర్నమెంటు, బడి హాల్లో బల్లలు వరసగా వేసి ఉంటాయి. పైన ఫ్యాన్లు, పక్కన గడియారాలు, ఎవరో పెన్ను కింద పడేసుకున్న చప్పుడు. అతను ఇంటి దగ్గర పెత్రోవ్ డిఫెన్స్ బాగా చదువుకుని వచ్చాడు. గుర్రం వెనక్కి వెళ్ళాక ఏం చెయ్యాలో పదిహేను ఎత్తుల దాకా కంఠతా వచ్చు. ఆ పదిహేను ఎత్తులూ ఇప్పుడు పనికిరావు. కొట్టక తప్పదు కాబట్టి కొట్టాడు. కాగితం మీద ఆ ఎత్తు రాసుకుని తలెత్తేసరికి తన రాజు ఎక్కడ ఉండకూడదో అక్కడ ఉన్నాడు. తాను గెలుస్తున్నానని అతనికి తెలుసు. తెలిసినకొద్దీ బరువెక్కువ. గెలవాల్సిన ఆట ఓడిపోతే నలుగురిలో తల ఎత్తుకోలేమన్న బెంగ, సమంగా ఉన్న ఆటలో ఉండదు. ఇక్కణ్ణుంచి ప్రతి ఎత్తుకూ అతను సరైనది వెతుక్కోవాలి, చాలాసార్లు సరైనది ఒక్కటే ఉంటుంది. ఎదుటివాడికి మాత్రం నాలుగు దారులుంటాయి, నాలుగింటిలో ఏది పట్టినా దాడి సాగుతుంది. కంప్యూటరు ఈ బరువును లెక్కలో వేయదు. దానికి ఒక్కటే ఉన్న సరైన ఎత్తు కూడా పది ఉన్నంత తేలిక.

అందుకే ఇది వస్తే కొండ, పోతే వెంట్రుక తరహా పందెం కాదు. పోతే ఒక గుర్రం పోతుంది, ఒక ఆట పోతుంది. అయితే పందెం కాసినవాడు తన బరువును సగం ఎదుటివాడి భుజం మీద పెట్టగలిగాడు. ఆ భుజం వంగుతుందా లేదా అన్నదే మిగతా ఆట.

ఇక్కడ ఒక గీత గీయాలి. గాంబిట్ వేరు, ఉచ్చు వేరు. ఇంగ్లండ్ గాంబిట్ అని ఒకటుంది. దేశం పేరు కాదు, స్వీడన్‌కు చెందిన ఫ్రిట్స్ ఇంగ్లండ్ పేరు. తెల్లవాడు మంత్రి ముందు బంటును రెండు గళ్ళు తోయగానే, నల్లవాడు తన రాజు ముందు బంటును దాని నోటికందిస్తాడు. బంటు పోయాక నల్ల మంత్రి బయటికొచ్చి చెక్ చెప్పి, మూల ఏనుగు దగ్గరున్న ఇంకో బంటును కొడుతుంది. ఆరో ఎత్తుకు తెల్లవాడు ఏనుగును కాపాడుకుందామని శకటును ఒక గడి ముందుకు, మంత్రి మీదికి జరుపుతాడు. చూడ్డానికి చాలా బాగుంటుంది ఆ ఎత్తు. ఎనిమిదో ఎత్తుకు ఆటకట్టు. పాపం, శకటు బదులు గుర్రాన్ని బయటికి తెస్తే సరిపోయేది. ఆ ఒక్క సంగతి తెలిసినవాడి ముందు ఈ గాంబిట్‌కు ఇంకేమీ మిగలదు. బంటు పోయి, మంత్రి దారితప్పి, బలగమంతా ఇంట్లోనే ఉంటుంది.

దీన్ని ఆడి గెలవడంలో తప్పు లేదు కానీ, ఎదుటివాడికి తెలియదన్న ఆశ మీదే నిలబడిన ఆటలో ఆడేవాడికి నేర్చుకునేదేముంది? కాక్రేన్ గాంబిట్ అలాంటిది కాదు. అందులో దాచిపెట్టినది ఏదీ లేదు. గుర్రాన్ని పట్టపగలు ఇచ్చేస్తారు. జవాబు తెలిసినవాడి ముందు కూడా ముప్పై ఎత్తుల పోరాటం మిగులుతుంది. ఉచ్చు ఎదుటివాడి మరుపు మీద బతుకుతుంది. గాంబిట్ ఆడేవాడి ఒళ్ళు వంచి పని చేయిస్తుంది.

కొడితే తేలిగ్గా అరిగే తిండి కాదు గాంబిట్ పెట్టేది. దీనికి అసలైన విరుగుడు కనిపెట్టిన వాళ్ళు ఆ సంగతి ముందే గ్రహించారు. వేల్స్‌కూ ఐర్లండ్‌కూ మధ్య తపాలా ఓడ నడిపిన విలియం ఎవన్స్ అనే కెప్టెన్ 1820లలో ఒక గాంబిట్ కనిపెట్టాడు. పక్కవాటు బంటునిచ్చి నడిబల్లను పట్టుకునే పద్ధతి. దశాబ్దాల పాటు యూరపంతా దాని ముందు వణికింది. 1890లలో ఎమాన్యుయేల్ లాస్కర్ దానికి మందు చెప్పాడు. తిన్న బంటును సరైన సమయంలో తిరిగి ఇచ్చెయ్యి, దాడి చప్పబడుతుంది, నీ ఆట బాగుంటుంది. అంతే. వినడానికి ఇంత సులువైన మాట కనిపెట్టడానికి ఎందుకు డెబ్బై ఏళ్ళు పట్టింది? చేతికొచ్చినదాన్ని వదులుకోవడానికి మనిషికి మనసు రాదు కాబట్టి. గాంబిట్ ఆడేవాడు పందెం కాసేది ఆ మనసు మీదే.

ఆ ఎవన్స్ గాంబిట్ తర్వాత పెద్ద టోర్నమెంట్లలో కనుమరుగైపోయింది. 1995లో రీగాలో, మిఖాయిల్ తాల్ స్మారక టోర్నమెంటులో, గ్యారీ కాస్పరోవ్ దాన్ని దుమ్ము దులిపి విశ్వనాథన్ ఆనంద్ ముందు పెట్టాడు. తాల్ పుట్టి పెరిగిన ఊరది, ఎదుటివాడు ఊపిరి తీసుకునేలోపు పావులు బలిపెట్టి గెలిచిన మనిషి ఊరు. అదే ఏడాది కిరీటం కోసం కాస్పరోవ్‌తో తలపడబోతున్న ఆనంద్ ఇరవై ఐదు ఎత్తులకు ఓటమి ఒప్పుకున్నాడు. ఆనంద్‌కు తెలివి చాలక కాదు. తాతలనాటి ఆయుధాన్ని ఎదుర్కోవడానికి తాతలు పడిన తిప్పలన్నీ ఆయన ఒక్క మధ్యాహ్నంలో పడాల్సి వచ్చింది.

తప్పు అన్న ముద్ర కూడా శాశ్వతం కాదు. 1918లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మార్షల్ కాపబ్లాంకా మీద ఒక బంటునిచ్చి దాడి చేశాడు. కాపబ్లాంకా ఆ ఎత్తులను అంతకుముందు చూసి ఎరగడు. బల్ల దగ్గరే కూర్చుని, ఒక్కో దెబ్బనూ కాచుకుని, 36 ఎత్తుల్లో గెలిచాడు. ఆ ఆట ఒక్కటే చూసినవాడు ఆ గాంబిట్‌ను అక్కడే పాతిపెడతాడు. ఇవాళ మార్షల్ అటాక్ ప్రపంచంలోని అతి పెద్ద ఆటగాళ్ళు నమ్ముకునే ఆయుధం. తెల్లవాళ్ళు దాని దారిలోకే పోకుండా పక్కనుంచి వెళ్ళే ఎత్తుల మీద ఏళ్ళ తరబడి పరిశ్రమ చేస్తున్నారు. కంప్యూటర్లు కూడా దాన్ని తప్పు పట్టలేకపోయాయి. ఓడిన రోజున అది ఎంత సరైనదో ఈ రోజూ అంతే సరైనది. మారింది చూసేవాళ్ళ చూపు. అలాగని ప్రతి గాంబిట్‌కూ ఒకనాటికి న్యాయం జరుగుతుందని అనుకోకూడదు. కాక్రేన్ గుర్రానికి అలాంటి రోజు వస్తుందన్న సూచన ఏదీ లేదు.

కాబట్టి ఓటమి సంగతీ చెప్పుకోవాలి. గాంబిట్ ఆడి ఓడిపోవడానికి ఒక తీరుంది. దాడి ఒక్కసారిగా విరిగిపడదు. ఎండాకాలం చెరువులా ఇంకుతుంది. ఒక చెక్, దానికి జవాబు. పావుల మార్పిడి. ఇంకో చెక్, రాజు ఒక గడి లోపలికి. మంత్రులు రెండూ మారిపోతాయి. తలెత్తి చూస్తే ఎదుటివాడి రాజు మూలన హాయిగా ఉంటాడు, అతని గుర్రం బల్ల నడుమ ఉంటుంది. ఇటువైపు గుర్రం ఉండాల్సిన చోట ఖాళీ. అక్కణ్ణుంచి ఇంకో గంటసేపు ఆడాలి. ఆశ లేదని తెలుసు, అయినా బంటును బంటు వెంట నడిపించుకుంటూ ఆడాలి. నాలుగో ఎత్తుకు చేసిన అప్పును నలభయ్యో ఎత్తున వడ్డీతో కట్టడమిది. ఆ గంట కూర్చోవడానికి ఇష్టం లేనివాడు గుర్రాన్ని వెనక్కి తీసుకోవడమే మంచిది. కూర్చోగలిగినవాడు ఆ గంటలోనే చదరంగం ఎక్కువ నేర్చుకుంటాడు. ఒక్క పావు తక్కువైతే బల్ల ఎంత మారిపోతుందో అతనికి పుస్తకం చెప్పనక్కర్లేదు.

పిల్లలకు చదరంగం నేర్పేవాళ్ళలో రెండు మతాలున్నాయి. తప్పుడు ఆరంభాలు అలవాటైతే తర్వాత మాన్పించడం కష్టమని కొందరంటారు. మొదట గాంబిట్లే ఆడించాలని కొందరంటారు. రెండో మాటే సరైనదని గట్టిగా చెప్పవచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు ఏ పావు పోయినా ఏడుస్తాడు. పావులన్నీ పొదుపుగా దాచుకుంటాడు, ఆట ముగిసేసరికి సగం బలగం ఇంట్లోంచి బయటికే రాదు. వాడి చేత ఒక్కసారి బంటో గుర్రమో ఇప్పించి చూడండి. ఇక మిగిలిన పావులు ఊరికే కూర్చోవడానికి వీల్లేదని వాడికి తనంతట తానే తెలుస్తుంది. ఇచ్చినదానికి ప్రతిఫలం రాబట్టాలంటే శకటు రావాలి, ఏనుగుకు దారి తెరుచుకోవాలి, ప్రతి ఎత్తుకూ ఒక పని ఉండాలి. సమయం కూడా పావు లాంటి ఆస్తే అన్న పాఠం అప్పు చేసినవాడికి పట్టినంత త్వరగా దాచుకున్నవాడికి పట్టదు. తర్వాత వాడు పెద్దవాడై పెత్రోవ్ ఆడుకున్నా మంచిదే.

మళ్ళీ కలకత్తా వెళదాం. కాక్రేన్ 1869లో శాశ్వతంగా ఇంగ్లండు తిరిగి వెళ్ళి, 1878లో కన్నుమూశాడు. నూటికి నూరుపాళ్ళు సరికాని ఆ నాలుగో ఎత్తుకు ఆయన పేరు నిలిచిపోయింది. మహేశ్‌చంద్ర ఆడిన తీరు ఆ కాలానికి వింత. 1855లో కాక్రేన్‌తోనే ఆడిన ఒక ఆటలో ఆయన వేసిన ఎత్తులను వియన్నా ఆటగాడు ఎర్నస్ట్ గ్రున్‌ఫెల్డ్ 1922లో పెద్ద టోర్నమెంట్లకు తెచ్చాడు. ఈ రోజు ఆ పద్ధతికి గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అనే పేరు. ఫిషర్, కాస్పరోవ్‌లు ప్రాణం పెట్టి ఆడిన ఆయుధమది. మహేశ్‌చంద్ర మిగతా పద్ధతులకు ఇండియన్ డిఫెన్స్ అన్న ఉమ్మడి పేరు దక్కింది, దేశం పేరు. మనిషి పేరు దేనికీ దక్కలేదు. అరవై ఏడేళ్ళు ముందుగా సరైన ఎత్తు వేసిన మనిషిని ఒక పేరుతోనైనా తలుచుకోవడం చదరంగం లోకం బాకీ. ఆ బాకీ ఇంకా తీరలేదు. ఆ ఎత్తులు ఈనాటికి మిగలడానికి కారణం మళ్ళీ కాక్రేనే. తాము ఆడిన ఆటలను ఆయన లండన్ పత్రికలకు పంపకపోతే ఆ బెంగాలీ చేతి అలవాటు కలకత్తా క్లబ్బు గోడలు దాటేది కాదు.

గుర్రం ఎఫ్7లో పడింది, నల్లరాజు దాన్ని కొట్టి బయటికొచ్చాడు. ఇప్పుడు ఐదో ఎత్తు తెల్లవాడిది. మొదటిసారి ఈ స్థితిలో కూర్చున్న వాళ్ళ చెయ్యి తిన్నగా శకటు మీదికి పోతుంది. ఐమూలగా రాజు మీదికి గురిపెట్టి చెక్ చెప్పాలనిపిస్తుంది. రాజు వీధిలో నిలబడి ఉంటే ఎవరికి ఆగుతుంది? ఆ చెక్‌కు నల్లవాడు మంత్రి ముందు బంటును ఇంకో గడి తోసి అడ్డం పెడతాడు. ఆ వంకతోనే అతని బలగానికి దారులు తెరుచుకుంటాయి. అనుభవమున్నవాళ్ళు శకటు జోలికి పోరు. మంత్రి ముందున్న తమ బంటును నెమ్మదిగా రెండు గళ్ళు ముందుకు జరుపుతారు. చెక్ లేదు, బెదిరింపు లేదు. గుర్రం తక్కువున్న మనిషి, తొందరేమీ లేనట్టు, నడిబల్ల మీద రెండు బంట్లను పక్కపక్కన నిలబెట్టుకుంటాడు. లినారెస్‌లో టోపలోవ్ వేసిందీ ఇదే. ఎత్తు వేసి, గడియారం మీట నొక్కి, కాగితం మీద రాసుకుని, ఎదుటి మనిషి ఏం చేస్తాడో చూస్తూ కూర్చోవాలి.